సాగదీసే ఇంగ్లీషు మాటలు, వాటి లాటిన్ పుట్టుక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు పాఠం చెప్పేటప్పుడు అర్థం చెబితే అందరూ రాసుకుంటారు, వారం తిరిగేసరికి మరిచిపోతారు. అదే మాట ఎక్కడ పుట్టిందో, మొదట ఏ పనికి వాడేవారో చెబితే చాలామందికి అలాగే ఉండిపోతుంది. ప్రొలాంగ్, ప్రొట్రాక్ట్, ఎక్స్‌టెండ్, ప్రొక్రాస్టినేట్, ప్రొరోగ్ లాంటి మాటలన్నీ సాగదీయడం, పొడిగించడం, వాయిదా వేయడం చుట్టూ తిరుగుతాయి. వీటి గురించి నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను. లాటిన్ మాటలను ఇంగ్లీషు అలవాటు కొద్దీ ట, డ లతో రాశాను. రోమన్లు పలికిన తీరు నిజానికి మన త, ద లకే దగ్గర.

ఈ మాటలన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చాయా?

లేదు. ముఖ్యంగా మూడు కుటుంబాలున్నాయి. ఒకటి ట్రహెరె, అంటే లాగడం, ఈడ్వడం. రెండోది టెండెరె, అంటే తాడునో గుడ్డనో బిగించి చాపడం. మూడోది లోంగుస్, అంటే పొడవైన. ఇవి కాక, రేపు అనే మాట నుంచి, అడగడం అనే మాట నుంచి, ఆగడం అనే మాట నుంచి వచ్చినవి కొన్ని ఉన్నాయి.

మొదటి రెండూ చేతులతో చేసే పనులు. కాలాన్ని ఎవరూ పట్టుకుని లాగలేరు. అయినా కాలం గురించి మాట్లాడాలంటే మనిషికి ముందుగా దొరికింది చేతిలోని తాడే. ఇదొక్కటి మనసులో పెట్టుకుంటే కింది జవాబులన్నీ తేలిగ్గా ఎక్కుతాయి.

లాగడం అనే మాట ఆలస్యం అనే అర్థంలోకి ఎలా వచ్చింది?

తెలుగువాళ్లకు ఇది విడమరిచి చెప్పాల్సిన పనే లేదు. కోర్టు కేసు గురించి మనం ఏమంటాం? "పదేళ్లుగా ఈడుస్తున్నారు" అంటాం. సీరియల్ అయితే "జీడిపాకంలా సాగదీస్తున్నారు" అంటాం. జీడి చేసేచోట ఒక్కసారి నిలబడి చూడండి. కాచిన బెల్లం పాకాన్ని గోడకు కొట్టిన మేకుకు తగిలించి, బారెడు దూరం లాగి, మడిచి, మళ్లీ లాగుతారు. పాకం అంతే ఉంటుంది, పొడవు మాత్రం పెరుగుతూ పోతుంది. విషయం పెరగకుండా కాలం పెరిగితే మనం జీడిపాకం అనడంలో ఎంత పొందిక ఉందో అప్పుడు తెలుస్తుంది.

రోమన్లూ ఇదే చేశారు. వాళ్ల రచయితలు యుద్ధాన్ని "లాగడం" గురించి రాసేటప్పుడు వాడింది ఈ ట్రహెరెనే. శత్రువు తేల్చుకోకుండా యుద్ధాన్ని ఏళ్ల తరబడి నడిపిస్తున్నాడు అని దాని భావం. ఈ క్రియకే "ముందుకు" అనే అర్థమిచ్చే ప్రో అన్న ఉపసర్గ చేర్చితే ప్రోట్రహెరె, ముందుకు లాగడం. దాని భూతకాల రూపం ప్రోట్రాక్టుస్. ఇంగ్లీషు ప్రొట్రాక్ట్ అక్కడిదే. అంటే సాగదీయడం అనే అర్థాన్ని ఇంగ్లీషువాళ్లు కొత్తగా కల్పించలేదు, లాటిన్‌లోనే అది సిద్ధంగా ఉంది.

తెలుగులో ట్రహెరె చేసే పనిలో సగం మన "తీయు" చేస్తుంది. ముల్లు తీస్తాం, నీళ్లు తీస్తాం, రాగం తీస్తాం, దీర్ఘాలు తీస్తాం, ఫొటో తీస్తాం. సాగదీయడంలోనూ ఉన్నది ఈ తీయడమే. ఈ క్రియ మీద ఒక కన్నేసి ఉంచండి, ముందు ముందు పనికొస్తుంది.

లెక్కల పెట్టెలోని ప్రొట్రాక్టర్‌కీ, సాగదీయడానికీ ఏమిటి సంబంధం?

నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న ఇదే. ఆరో తరగతిలో కొత్త జామెట్రీ బాక్స్ తెరవగానే అర్ధచంద్రాకారంలో పారదర్శకంగా కనిపించే ప్లాస్టిక్ ముక్క అది. పుస్తకంలో దాని పేరు కోణమానిని. మా క్లాసులో అందరం "డీ" అనేవాళ్లం. కోణం కొలిచే వస్తువుకు లాగేది అని పేరెందుకు?

డ్రా అన్న మాటకు ఇంగ్లీషులో రెండు అర్థాలున్నాయి కదా: లాగడం, గీయడం. పెన్సిలును కాగితం మీద లాగితేనే గీత పడుతుంది. మధ్యయుగపు లాటిన్‌లో ప్రోట్రహెరెకూ ఇలాగే గీయడం, రూపం చిత్రించడం అనే అర్థం వచ్చింది. భూములు కొలిచేవాళ్లు పొలంలో తీసుకున్న కొలతలను, కోణాలను తెచ్చి కాగితం మీద స్కేలు ప్రకారం గీయడాన్ని ప్రొట్రాక్ట్ చేయడం అన్నారు. ఆ పనికి వాడే పరికరం ప్రొట్రాక్టర్. ఈ అర్థం ఇంగ్లీషులో 17వ శతాబ్దంలో స్థిరపడింది. దానికి ముందు కొన్నాళ్లు ప్రొట్రాక్టర్ అంటే పనిని సాగదీసే మనిషి అని కూడా వాడారు.

ఇదే ప్రోట్రహెరె ఫ్రెంచి వాళ్ల నోట్లో అరిగి పోర్‌ట్రైర్ అయింది. అక్కడి నుంచి ఇంగ్లీషులోకి పోర్‌ట్రే, పోర్‌ట్రెయిట్ వచ్చాయి. గోడ మీద తాతగారి పోర్‌ట్రెయిట్, జామెట్రీ బాక్సులో ప్రొట్రాక్టర్, పేపర్లో కనిపించే ప్రొట్రాక్టెడ్ వార్, ఈ మూడూ ఒకే కడుపున పుట్టినవి. మనం బొమ్మ గీయడంతో పాటు ఫొటో తీయడం అనీ అంటున్నాం. తీయడానికీ చిత్రానికీ మన దగ్గరా ముడి పడింది.

ట్రాక్టర్, అట్రాక్షన్, కాంట్రాక్ట్, సబ్‌ట్రాక్షన్ కూడా ఇదే ఇంటివా?

అన్నీ ఇదే ఇంటివి. ముందున్న ఉపసర్గ ఎటు లాగుతున్నామో చెబుతుంది, అంతే. అట్రాక్ట్ అంటే తన వైపు లాగడం. డిస్ట్రాక్ట్ అంటే పక్కలకు లాగడం. ఎక్స్‌ట్రాక్ట్ బయటికి లాగడం, పన్ను పీకడం నుంచి రసం తీయడం దాకా. రిట్రాక్ట్ వెనక్కి లాక్కోవడం, అన్న మాట వెనక్కి తీసుకోవడంతో సహా. సబ్‌ట్రాక్ట్ అడుగు నుంచి లాగేయడం. మన లెక్కల పుస్తకంలో దాని పేరు చూడండి: తీసివేత! ఎవరి నుంచి ఎవరూ నేర్చుకోకుండానే రెండు భాషలూ ఒకే చేతి పనిని పట్టుకున్నాయి.

సంస్కృతంలో దీనికి జోడీ కృష్ ధాతువు. దానికీ లాగడమే అర్థం. నాగలి లాగడం వల్ల వ్యవసాయానికీ అదే మాట అయింది. ఆ ధాతువుకు ఆ చేరిస్తే ఆకర్షణ, అట్రాక్షన్‌కు అచ్చు గుద్దినట్టు సరిపోతుంది. సం చేరిస్తే సంకర్షణ, అంటే కలిపి లాగడం. కాంట్రాక్ట్‌లో ఉన్నదీ సరిగ్గా అదే: కాన్ అంటే కలిసి, ట్రాక్ట్ అంటే లాగడం. ఇద్దరు మనుషుల్ని ఒక్కచోటికి లాగితే ఒప్పందం, కండరం తనలోకి తాను లాక్కుంటే సంకోచం. సంకర్షణుడు అంటే బలరాముడని మనకు తెలుసు. దేవకి గర్భం నుంచి రోహిణి గర్భంలోకి లాగబడ్డవాడు కాబట్టి ఆ పేరని భాగవతం చెబుతుంది. ఆయన చేతిలో ఆయుధం నాగలి కావడం నాకు ఎప్పుడూ అబ్బురంగానే ఉంటుంది.

ఇప్పుడు "కర్షకుడు ట్రాక్టర్ నడుపుతున్నాడు" అనే వాక్యం చదవండి. కర్షకుడు లాగేవాడు, ట్రాక్టరూ లాగేదే. ధాతువులు వేరు, భావం ఒకటే.

ట్రాక్టర్ అనే మాట పొలంలోకి రాకముందు వైద్యంలోకి వెళ్లింది. అమెరికాలోని కనెక్టికట్‌కు చెందిన ఎలైషా పెర్కిన్స్ అనే డాక్టరు 1796లో రెండు చిన్న లోహపు పుల్లలకు పేటెంట్ తీసుకుని వాటిని ట్రాక్టర్లు అన్నాడు. నొప్పి ఉన్నచోట వాటితో రాస్తే అవి నొప్పిని బయటికి లాగేస్తాయని చెప్పాడు. జనం విరగబడి కొన్నారు. 1799లో ఇంగ్లండులోని బాత్ పట్టణంలో జాన్ హేగార్త్ అనే వైద్యుడు చెక్కతో అచ్చం అలాంటి పుల్లలే చేయించి, లోహంలా కనిపించేలా రంగు వేయించి, కీళ్లనొప్పులున్న ఐదుగురి మీద ప్రయోగించాడు. నలుగురు నొప్పి తగ్గిందన్నారు. మందు లేకుండా నమ్మకమే పనిచేయడాన్ని పరీక్ష పెట్టి చూపిన తొలి ప్రయోగాల్లో ఇదొకటి.

ట్రైన్ కూడా ట్రహెరె నుంచే వచ్చిందా?

వచ్చింది, ఫ్రెంచి మీదుగా. ఇంగ్లీషులో ఈ మాట మొదట కనిపించినప్పుడు, 14వ శతాబ్దంలో, దాని అర్థం ఆలస్యం, సాగతీత. తర్వాత పెద్దింటి ఆడవాళ్ల గౌను వెనక నేల మీద ఈడ్చుకుంటూ వచ్చే గుడ్డకు ట్రైన్ అన్నారు. ఆపైన ఒకదాని వెనక ఒకటి బారుగా వచ్చే దేన్నయినా అన్నారు. 1820ల్లో ఇంజను వెనక బారుగా పెట్టెలు తగిలించేసరికి ఆ పేరు దానికి అతుక్కుపోయింది. మనవాళ్లు రైలు అనే మాటను పట్టాల పేరు నుంచి తీసుకున్నారు, ఇంగ్లీషువాళ్లు వెనక లాగే పెట్టెల వరస నుంచి తీసుకున్నారు.

శిక్షణ అనే అర్థంలో ట్రైనింగ్ కూడా ఇదే. తీగను పందిరి మీదికి లాగి, కావలసిన దారిలో పాకించడాన్ని ట్రైన్ చేయడం అన్నారు. మనుషులకూ అదే వర్తించింది. ట్రీట్‌మెంట్, ట్రీటీ, స్నేహితులు పట్టుబట్టి అడిగే ట్రీట్ కూడా ఈ ఇంటివే. ట్రాక్ మాత్రం చూడ్డానికి అలా ఉన్నా ఈ ఇంటిది కాదంటారు, అది జర్మానిక్, అంటే ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల కుటుంబం, వైపు నుంచి వచ్చిందని పండితుల మాట.

మరి ప్రొలాంగ్? అది సూటిగా "లాంగ్"లోంచే కదా?

లోంగుస్ లోంచి. ఇంగ్లీషు లాంగ్ వేరే దారిలో వచ్చిన దాయాది, దాని సంగతి కింద చెబుతాను. లాటిన్ చివరి రోజుల్లో ప్రోలోంగారె అనే క్రియ తయారైంది, పొడుగు చేయడం అని. ఫ్రెంచి మీదుగా అది ప్రొలాంగ్ అయింది. ఎలాంగేట్, ఆబ్లాంగ్, లాంగిట్యూడ్ ఇవన్నీ మీరే పోల్చుకోగలరు.

పోల్చుకోలేనివి రెండున్నాయి. ఒకటి పర్లాయిన్, అంటే దొంగిలించడం. ప్రొలాంగ్‌లోని ముక్కలే ఇందులోనూ ఉన్నాయి. దూరంగా పెట్టేయడం అనేది మొదటి అర్థం. ఒకరి వస్తువును వాళ్లకు అందకుండా దూరం చేస్తే అది దొంగతనమే అయింది. రెండోది లంజ్, కత్తియుద్ధంలో చేయి చాపి ఒక్కసారి ముందుకు దూకడం. చాపడం అనే అర్థమున్న ఫ్రెంచి అలోంజే అనే మాట మొదటి అక్షరం పోగొట్టుకుని ఇలా మిగిలింది. జిమ్‌కు వెళ్లేవాళ్లు కాలు ముందుకు చాపి చేసే లంజెస్ కూడా ఇదే.

ఇక లాంజెవిటీ. లోంగుస్‌కు ఏవుమ్ చేరింది. ఏవుమ్ అంటే జీవితకాలం, యుగం. ఈ ఏవుమ్, మన ఆయువు ఒకే పురాతన మూలం నుంచి పుట్టిన తోబుట్టువులు. లాంజెవిటీ అన్నా దీర్ఘాయువు అన్నా, రెండో సగం రక్తసంబంధమే. ఏజ్, ఎటర్నల్ కూడా ఏవుమ్ పిల్లలే.

టెన్షన్ అంటే మనకు ఆందోళన కదా, సాగదీయడంతో దానికేం పని?

టెండెరె అంటే చాపడం, బిగలాగడం. దాని నుంచి వచ్చిన మాట టెన్షన్. వీణ తంత్రిని బిర్రుగా బిగిస్తే అందులో ఉండేది టెన్షన్. మనసూ అలా బిగుసుకుంటే అదీ టెన్షనే. "నరాలు తెగిపోయేంత ఉత్కంఠ" అని మనం రాస్తున్నప్పుడు పట్టుకున్న పోలిక కూడా బిగిసిన తీగే. ఊరి బయట పొలాల మీదుగా పోయే హైటెన్షన్ లైన్లలో మాత్రం తీగ బిగువు గురించి కాదు, అక్కడ టెన్షన్ అంటే విద్యుత్ వోల్టేజి.

ఎక్స్‌టెండ్ అంటే బయటికి చాపడం. గడువు పొడిగించినా, ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి కరెంటును మంచం దాకా తెచ్చుకున్నా అదే మాట. అటెండ్ అంటే మనసును ఒకదాని వైపు చాపడం. ప్రిటెండ్ అంటే ఉన్నదాని ముందు మరొకటి పరచి చూపడం. పెళ్లి వాకిట్లో టెంట్ హౌస్ వాళ్లు వేసే టెంట్ కూడా ఇదే, చాపి కట్టిన గుడ్డ.

ఇక్కడ మనకు ఒక పెద్ద నిధి ఉంది. సంస్కృతంలోని తన్ ధాతువు, లాటిన్ టెండెరె నిజంగానే ఒక తల్లి పిల్లలు. తన్ అంటే చాపడం, విస్తరించడం. దాని నుంచి మన రోజువారీ మాటలు ఎన్నో: తంతువు, తంత్రి, సంతతి, సంతానం, వితానం. వితానం అంటే మీద పరచిన చాందినీ, అంటే టెంటు! వంశాన్ని ముందుకు చాపేది సంతానం. రాగం, తానం, పల్లవి అంటామే, ఆ తానం కూడా ఈ ధాతువుదే. సాగదీస్తే ఏదైనా సన్నబడుతుంది కాబట్టి సన్ననిది అనే అర్థంలో సంస్కృతంలో తను, లాటిన్‌లో టెనుయిస్, ఇంగ్లీషులో థిన్. సన్నని నడుమున్న అమ్మాయిని మన కవులు తన్వి అన్నది అందుకే.

వ్యాకరణంలోని టెన్స్ కూడా ఇదేనా?

కాదు. కాలాన్ని చెప్పే టెన్స్ కాలం అనే అర్థమున్న లాటిన్ టెంపుస్ నుంచి వచ్చింది. బిగుసుకుపోయిన టెన్స్ మాత్రం టెండెరె నుంచి. ఇంగ్లీషులోకి వచ్చేసరికి రెండూ ఒకేలా అరిగిపోయాయి.

లోహాన్ని తీగగా సాగదీసే గుణానికి డక్టిలిటీ అంటారు. అదెక్కడిది?

డూకెరె నుంచి. నడిపించడం, వెంట తీసుకుపోవడం దాని అర్థం. ప్రొడ్యూస్, కండక్ట్, డక్ట్ అన్నీ దానివే. కంసాలి దగ్గర కమ్మచ్చు అని ఒక ఉక్కు పలక ఉంటుంది. పెద్ద రంధ్రం నుంచి చిన్న రంధ్రం దాకా వరసగా బెజ్జాలు. బంగారపు కమ్మిని కొస సన్నగా సానబట్టి, బెజ్జంలో దూర్చి, అవతల పట్టకారుతో పట్టి లాగుతారు. తర్వాత దానికంటే చిన్న బెజ్జం, ఆ తర్వాత ఇంకా చిన్నది. కమ్మి ప్రతిసారీ సన్నబడి పొడవవుతుంది. అలా ఒక గ్రాము బంగారాన్ని సుమారు 2 కిలోమీటర్ల తీగగా సాగదీయవచ్చు.

ఈ గుణానికి మన సైన్సు పుస్తకాల్లో పేరు తాంతవత. తంతువు నుంచి, అంటే మళ్లీ ఆ తన్ ధాతువు నుంచే. ఈ పేరు పెట్టినవాళ్లకు ఒక నమస్కారం.

ఇన్ని పోలికలున్నాయంటే తెలుగు, లాటిన్ చుట్టాలేనా?

కావు. చుట్టరికం సంస్కృతానికీ లాటిన్‌కూ ఉంది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని కలకత్తాలో న్యాయమూర్తిగా ఉన్న విలియం జోన్స్ 1786లో చెప్పిన మాట ప్రసిద్ధం. తంతువు, ఆయువు లాంటివి సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చాయి కాబట్టి వాటి ద్వారా లాటిన్‌తో బంధుత్వం. లాగు, ఈడ్చు, తీయు, సాగు మన సొంతం, ద్రావిడ మాటలు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని ఈస్టిండియా కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఆధారాలతో చూపింది 1816లో, మద్రాసులో అచ్చయిన ఒక తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో. కాబట్టి తీసివేతకూ సబ్‌ట్రాక్షన్‌కూ ఉన్నది భావసామ్యం, తంతువుకూ టెన్షన్‌కూ ఉన్నది రక్తసంబంధం. ఈ రెంటినీ కలిపేయకూడదు.

ప్రొక్రాస్టినేట్ పలకడమే కష్టం. దాన్ని ఎలా విడగొట్టాలి?

ప్రో, క్రాస్టిన్, ఏట్. లాటిన్‌లో క్రాస్ అంటే రేపు. క్రాస్టినుస్ అంటే రేపటిది. పనిని రేపటి వైపు తోసేయడం ప్రొక్రాస్టినేషన్. టీ కొట్టు గల్లాపెట్టె వెనక "అప్పు రేపు" అని బోర్డు చూడనివాళ్లు మనలో ఉండరు. ఆ బోర్డు మీద రేపు అని ఉన్నచోట రోమన్ అయితే క్రాస్ అని రాసుకునేవాడు. మధ్యయుగపు క్రైస్తవ ప్రబోధకులు కాకి అరుపును "క్రాస్, క్రాస్" అని విని, మారడాన్ని రేపటికి వాయిదా వేసేవాళ్లను కాకితో పోల్చేవారు.

లాటిన్‌లో ఎల్లుండికి కూడా ఒక్క మాట ఉంది, పెరెండియె. దాని నుంచి ఇంగ్లీషులో పెరెండినేట్ అనే అరుదైన క్రియ ఉంది: ఎల్లుండికి వాయిదా వేయడం. ఇప్పటి ఇంగ్లీషులో ఎల్లుండి అనడానికి నాలుగు మాటలు కావాలి. తెలుగువాడికీ రోమన్‌కూ ఒకటి చాలు.

ఆలస్యం చేయడాన్ని రోమన్లు ఎప్పుడూ తప్పుగానే చూశారా?

లేదు. క్రీ.పూ. 217లో కార్తేజ్ సేనాని హానిబాల్ చేతిలో ట్రాసిమీన్ సరస్సు దగ్గర రోమ్ సైన్యం చిత్తయ్యాక క్విన్‌టుస్ ఫాబియుస్ మాక్సిముస్‌ను నియంతగా పెట్టుకున్నారు. ఆయన ఎదురుగా నిలబడి పోరాడకుండా, కొండల మీద ఉంటూ, శత్రువు తిండీ ఓపికా తరిగేదాకా యుద్ధాన్ని లాగాడు. మొదట తిట్టారు. మరుసటి ఏడాది ఆ పద్ధతి వదిలి కానే దగ్గర తలపడి ఘోరంగా ఓడాక ఆయన విలువ తెలిసింది. కుంక్‌టాటోర్, అంటే ఆలస్యం చేసేవాడు, అనే పేరు ఆయనకు బిరుదుగా నిలిచిపోయింది. 1884లో లండన్‌లో పుట్టిన ఫేబియన్ సొసైటీ పేరు ఆయనదే. ఒక్క దెబ్బతో కాకుండా నెమ్మదిగా సమాజాన్ని మార్చాలన్నది వాళ్ల ఆలోచన.

అసెంబ్లీని ప్రొరోగ్ చేశారు అని పేపర్లో వస్తుంది. అంటే ముగించడమే కదా? అది పొడిగించే మాటల్లో ఎందుకుంది?

ఈ మాట పూర్తిగా తిరగబడింది, ఎలాగో చూడండి. లాటిన్‌లో రోగారె అంటే అడగడం. ప్రోరోగారె అంటే ఒకరి పదవిని పొడిగించమని ప్రజల్ని అడగడం. రోమ్‌లో అందరికంటే పై అధికారి కాన్సల్, ఆ పదవి ఒక్క ఏడాదే. క్రీ.పూ. 327లో కాన్సల్‌గా ఉన్న క్విన్‌టుస్ పుబ్లిలియుస్ ఫిలో నేటి నేపుల్స్ నగరాన్ని ముట్టడిస్తుండగా ఏడాది నిండిపోయింది. మధ్యలో సేనానిని మారిస్తే పని చెడుతుందని, ముట్టడి పూర్తయ్యేదాకా ఆయన అధికారాన్ని పొడిగించారు. అలా పొడిగించడం అదే మొదటిసారి. పదవీకాలం అయిపోయిన అధికారికి ఎక్స్‌టెన్షన్ ఇవ్వడం మనకు ఈనాటి వార్త, రోమ్‌కు రెండు వేల మూడు వందల ఏళ్ల నాటి ముచ్చట.

ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో ప్రొరోగ్ అంటే పొడిగించడమే. సభను మరో తేదీ దాకా పొడిగించడం అంటే ఆచరణలో ఈరోజుకు ఆపి ఆ రోజు కలవడమే. మెల్లగా పొడిగింపు కరిగిపోయి ఆపడం మిగిలింది. ఇప్పుడు మన రాజ్యాంగం 85వ అధికరణం ప్రకారం పార్లమెంటు సభలను రాష్ట్రపతి, 174వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభలను గవర్నర్ ప్రొరోగ్ చేస్తారు. సభ రద్దు కాదు, ఆ సమావేశాలు ముగుస్తాయి. బ్రిటన్‌లో ప్రభుత్వం పార్లమెంటును ఐదు వారాల పాటు ప్రొరోగ్ చేయించడం చెల్లదని అక్కడి సుప్రీంకోర్టు 2019 సెప్టెంబర్ 24న తీర్పు చెప్పింది.

అడ్‌జర్న్‌ది కూడా ఇలాంటి నడకే. రోజు అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి, ఒక రోజు కేటాయించడం అనే అర్థంలో పుట్టి, వాయిదా వేయడంగా మారింది. మన వాయిదా అరబ్బీ నుంచి వచ్చింది, అక్కడ దానికి మాట ఇవ్వడం అని అర్థం. ఫలానా రోజు అని ఇచ్చిన మాటే రెండు చోట్లా ఆలస్యానికి పేరైంది.

మారటోరియం, డెమరేజి కూడా లాటినేనా?

రెండూ మోరా అనే మాట పిల్లలు. మోరా అంటే ఆగడం, జాగు. 2020 మార్చిలో కరోనా సమయాన రిజర్వు బ్యాంకు అప్పుల వాయిదాలకు మూడు నెలల మారటోరియం ఇచ్చి, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించినప్పుడు ఈ మాట ఇంటింటికీ తెలిసింది. కట్టక్కర్లేదని కాదు, ఆగి కట్టవచ్చని. వడ్డీ నడుస్తూనే ఉంటుందని చాలామందికి ఆలస్యంగా అర్థమైంది.

ఓడను రేవులోనో, గూడ్సు వ్యాగన్లను స్టేషన్లోనో గడువు దాటి ఆపితే కట్టే డబ్బు డెమరేజి. ఇంకో విశేషం, భాషాశాస్త్రంలో మోరా అంటే మన ఛందస్సులోని మాత్ర లాంటిదే: లఘువుకు ఒకటి, గురువుకు రెండు. నోరు ఎంతసేపు ఆగిందన్న కొలత అది.

డిఫర్, డైలేట్, డైలేటరీ నాకు ఎప్పుడూ కలిసిపోతాయి.

కలిసిపోవడంలో తప్పు మీది కాదు. డిఫెర్రె అంటే అటూ ఇటూ మోసుకుపోవడం. దాని నుంచి వేరుగా ఉండటం అనే డిఫర్, వాయిదా వేయడం అనే డిఫర్ రెండూ పుట్టాయి. ఒకదానికి ఒత్తు మొదటి అక్షరం మీద, రెండోదానికి చివరి అక్షరం మీద పడుతుంది. ఆ డిఫెర్రె రూపమే డిలాటుస్, దాని నుంచి జాగు చేసే అనే అర్థంలో డైలేటరీ వచ్చింది. కంటి డాక్టరు చుక్కలు వేసి చేసే డైలేట్ మాత్రం వెడల్పు అనే అర్థమున్న లాటుస్ నుంచి వచ్చింది, దీనికి చుట్టం కాదు.

ఈ అర్థాల్లో లాటిన్ కానివి ఏవి?

డ్రా, డ్రాగ్, డ్రాల్, లింగర్, లాంగ్. ఇవి జర్మానిక్ మాటలు, ఇంగ్లీషు ఇంటివి. లాంగ్, లోంగుస్ దాయాదులు, ఒకరి నుంచి ఒకరు పుట్టలేదు. బిలాంగ్‌కు లాటిన్‌తో సంబంధం లేదు.

చివరిగా, ప్రొలాంగ్, ప్రొట్రాక్ట్, ఎక్స్‌టెండ్ వాడేటప్పుడు తేడా ఏమిటి?

ఎక్స్‌టెండ్ అన్నిటికీ సరిపోతుంది: గడువు, రోడ్డు, సెలవు, చేయి. ఒక అంచు ఉండి దాన్ని ముందుకు జరిపితే ఎక్స్‌టెండ్. ప్రొలాంగ్ కాలానికే ఎక్కువ వాడతారు, మామూలుగా ఉండాల్సినదానికంటే ఎక్కువసేపు ఉండేలా చేయడం. మందులు ప్రాణాన్ని ప్రొలాంగ్ చేస్తాయి, గొడవను కూడా ప్రొలాంగ్ చేయవచ్చు. ప్రొట్రాక్ట్‌లో విసుగు ఉంటుంది. ఎక్కువగా ప్రొట్రాక్టెడ్ అన్న రూపంలోనే కనిపిస్తుంది: ప్రొట్రాక్టెడ్ స్ట్రైక్, ప్రొట్రాక్టెడ్ ఇల్‌నెస్. సెలవు చీటీలో "కైండ్లీ ప్రొట్రాక్ట్ మై లీవ్" అని ఒక అబ్బాయి రాసుకొచ్చాడు. వ్యాకరణంలో తప్పు లేదు, కానీ చదివే పెద్దసారుకు "నా సెలవును దయచేసి ఈడ్వండి" అన్నట్టు వినిపిస్తుంది. అక్కడ ఎక్స్‌టెండ్ అనే రాయాలి.